రెండు గడపలూ తొక్కిన సొలాంజ్

మా వోజెల్ ఊళ్ళో మనిషికి విలువ కట్టేది అతనికున్న ద్రాక్ష సాళ్ళను బట్టి. సొలాంజ్ బార్బ్‌లాన్‌కి ఒక్క సాలు కూడా లేదు. ఆమె తండ్రి జీవితమంతా ఊళ్ళోవాళ్ళ తోటల్లో కొమ్మలు కత్తిరించిన కూలిమనిషి. మొగుడు పీపాలు బిగించేవాడు. పెళ్ళయిన కొన్నేళ్ళకే గుండె ఆగి పోయాడు. పిల్లల్లేరు. మా బర్గండీ సీమలో ఇంత చిన్న మూటతో బతకడమే కష్టం, తలెత్తుకు బతకడం ఇంకా కష్టం. అయినా సొలాంజ్ తలెత్తుకునే బతికింది. మా కొండవాలు మీద ఆమెకు తెరుచుకోని వైన్ నేలమాళిగ ఒక్కటి కూడా ఉండేది కాదు మరి.

వైన్ రుచి చూడాలని మా ప్రాంతానికి వచ్చేవాళ్ళకు ప్రయాణం అమర్చడం ఆమె పని. చలికాలంలో ఫోన్లు వస్తాయి. ఎంతమంది వస్తారు, ఎన్నాళ్ళుంటారు, ఎర్ర వైన్ ఇష్టమా తెల్లదా, మెట్లు దిగగలరా అని అడుగుతుంది. తర్వాత ఊళ్ళవెంట తిరిగి ఇంటింటికీ వెళ్ళి, కాఫీ తాగి, పిల్లల చదువులూ ముసలమ్మల కీళ్ళనొప్పులూ విని, లేస్తూ లేస్తూ "అన్నట్టు, మే నెలలో ఒక గురువారం..." అంటుంది. ఆ అన్నట్టులోనే ఆమె వ్యాపారమంతా ఉంది.

నేను ఫిర్మాన్‌ని. ట్రాక్టర్లు బాగుచేసే పని మానేశాక ఆమె కోసం వ్యాను నడపడం మొదలుపెట్టాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా బర్గండీలోకెల్లా మంచి వైన్ల మధ్య తిరుగుతాను, ఒక్క చుక్క గొంతు దిగదు. పెళ్ళివారి బస్సు నడిపేవాడికి విందు వాసనే మిగిలినట్టు. అందుకే నా నోరు కొంచెం చేదు, ఏమీ అనుకోకండి.

నాలుగు ఫోన్లు చేస్తే ప్రయాణం కుదిరిపోతుందని బయటివాళ్ళు అనుకుంటారు. మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండు దాకా మా దగ్గర తలుపు తడితే కుక్కని వదులుతారు. సెంటు పూసుకొచ్చినవాళ్ళని, వైన్ వాసన చెడుతుందని, గుమ్మంలోంచే వెనక్కి పంపేస్తారు. రోజుకి నాలుగిళ్ళు మించితే నాలుక మొద్దుబారిపోతుంది. వీటన్నిటికంటే పెద్ద చిక్కు వరస. తేలికపాటి వైన్ ముందు, బరువైనది తర్వాత తాగాలి. అంటే ఆ రోజు ఆఖరున ఎవరింట్లో గ్లాసెత్తితే వాళ్ళ వైనే గొప్పదని ఊరంతటికీ చాటినట్టు. దాంతో ప్రతివాడికీ చివరి గ్లాసు కావాలి. పొద్దున పదింటికి మీ ఇంటికొస్తామంటే మొహం మాడ్చుకుంటారు. ఆ మాడిన మొహాల్ని ఏళ్ళ తరబడి బుజ్జగించుకుంటూ వచ్చింది సొలాంజ్.

ఆ బుజ్జగింపులు పనిచెయ్యని చోటు ఒకటుంది. అది రుజెల్ అన్నదమ్ముల ఇల్లు. పెద్దాయన ఆన్సెల్మ్, చిన్నాయన బ్లేజ్. తండ్రి పోయాక ఆస్తి పంచుకున్నారు. ఒకే తోటలో ఒక సాలు అన్నకి, పక్క సాలు తమ్ముడికి, అలా కంచె దాకా. ఇల్లు వాలు మీద ఉంది కాబట్టి దాన్ని అడ్డంగా కోశారు. పైవీధిలోకి తెరుచుకునే తొట్ల కొట్టం తమ్ముడికి వచ్చింది. కిందివీధిలోకి తెరుచుకునే ఇల్లూ, ఆ కొట్టం అడుగున తొలిచిన నేలమాళిగా అన్నకి వచ్చాయి. తమ్ముడు రోజూ అన్న నెత్తిమీద నడుస్తాడని ఊళ్ళో నవ్వుకుంటారు. పంపకం రోజున ఎవరో ఏదో మాట తూలారు, అంతటితో మాటలు ఆగిపోయాయి. ఆ మాటేమిటని అడిగితే ఇద్దరూ చెరో కథ చెప్తారు.

సొలాంజ్‌కి మాత్రం ఇద్దరూ కలిసి ఒకే షరతు పెట్టినట్టు పెట్టారు. "వాడి గడప తొక్కినవాళ్ళని నా ఇంటికి తేకు." ఆమె ఒక ప్రయాణంలో అన్నకి, ఇంకో ప్రయాణంలో తమ్ముడికి అతిథుల్ని తీసుకెళ్తూ గుట్టుగా నెట్టుకొచ్చింది. బెల్జియం నుంచి ల్యూస్ అనే ఆవిడ ఫోన్ చేసేదాకా అంతా బాగానే ఉంది.

ఈ ల్యూస్ మొగుడు పాత రుజెల్ దగ్గర, అంటే వీళ్ళ నాన్న దగ్గర, ఏటా వైన్ కొనేవాడట. ఆయన ఇప్పుడు లేడు. తోట రెండు ముక్కలయిందని ఆవిడకు తెలిసింది. "ఒకే నేల, ఒకే ఎండ, ఒకే వాన, ఇద్దరు మనుషులు. ఆ రెండు వైన్లూ ఒకే రోజున నాలుక మీద పెట్టుకోవాలమ్మా. నాతో ఇంకో అయిదుగురు వస్తారు" అంది. పైగా అక్టోబరులో తప్ప కుదరదంది.

సొలాంజ్ వంటింట్లో కూర్చుని ఆ మాట విన్నాను. "నీకు పిచ్చిగానీ పట్టిందా?" అన్నాను.

"ఏం పట్టలేదు. గేటేమో ఒకటి పైవీధిలో, ఒకటి కిందివీధిలో. చుట్టూ తిరిగి పోయే దారిలో చర్చి, బడి, అన్ని ఇళ్ళు. ఎవరు చూస్తారు?"

"ఊరు చూస్తుంది."

"ఊరు కళ్ళు ఎప్పుడు మూసుకుంటుందో నాకు తెలుసులే ఫిర్మాన్. నువ్వు వ్యాను సంగతి చూడు."

"ఇద్దరికీ దొరికిపోతే?"

"దొరికిపోతే ఇద్దరి తలుపులూ పోతాయి. వాళ్ళవి పోతే మిగతావాళ్ళవీ పోతాయి. అది తెలియకుండా ఒప్పుకున్నాననుకున్నావా?" అంది. తర్వాత గొంతు తగ్గించింది. "ఇన్నేళ్ళుగా ఆ రెండు వైన్లూ పక్కపక్కన పెట్టి చూడాలని నాకు మాత్రం లేదా?"

ఆమె వెళ్ళి బ్లేజ్‌తో, నీ తర్వాత వాళ్ళు ఎర్ర వైన్ ముట్టరు, చివరి గ్లాసు నీదే అని చెప్పింది. ఆన్సెల్మ్‌తో, చివరి గ్లాసు మీదేనండీ, వాళ్ళు పైవీధి మొహమే చూడరు అని చెప్పింది. బ్లేజ్ ఈల వేసుకుంటూ పోయాడు. ఆన్సెల్మ్ మాత్రం ఆమె కళ్ళలోకి చూసి, "మీ ఆయన మీద ఒట్టేసి చెప్పు" అన్నాడు. ఒట్టేసింది.

అక్టోబరులో మామూలుగా సొలాంజ్ ఎవర్నీ తీసుకురాదు. అప్పుడు ద్రాక్షరసం తొట్లలో పులిసి పొంగుతూ ఉంటుంది, ఎవరి ఇంట్లోనూ తీరిక ఉండదు. ఆన్సెల్మ్ ఊరందరికంటే ముందు కోత కోస్తాడు కాబట్టి అప్పటికే ఆయన పొంగు అయిపోయి, రసం పిండి, పీపాల్లో పోసేశాడు. బ్లేజ్ ఊరందరికంటే వెనక కోస్తాడు. అన్న ముందు కోస్తాడు కాబట్టే తను వెనక కోస్తాడని నా అనుమానం.

ఆ రోజు పొద్దున బెల్జియం వాళ్ళ ఆరుగుర్నీ బస నుంచి ఎక్కించుకుని పైవీధికి తీసుకెళ్ళాను. అందరూ పెద్దవాళ్ళే, సరదా మనుషులు. వాళ్ళలో లాంబెర్ అని ఒకాయన ఉన్నాడు, నోటికి మూత లేదు. సొలాంజ్ వ్యానులోనే అందరికీ అప్పజెప్పింది: "సాయంత్రం వెళ్ళే ఇంట్లో, పొద్దున ఎక్కడికెళ్ళారని అడిగితే నిద్రపోయామని చెప్పండి." లాంబెర్ పెదవుల మీద వేలు పెట్టుకుని, "నేనసలు పుట్టనే లేదు" అన్నాడు. ఈయనతోనే ముప్పని నాకు అప్పుడే అనిపించింది.

బ్లేజ్ తొట్లు మంచి పొంగు మీదున్నాయి. ఆ ఏడాదే ఆయన వాటిని ఈ కొట్టంలోకి మార్చాడు. అంతకుముందు ఊరి చివర అద్దె పాకలో ఉండేవి. పాక సొంతదారు ఖాళీ చేయించాడు. నాన్న నాటి కొట్టాన్ని శుభ్రం చేయించి, తొట్లు అందులో నిలబెట్టుకున్నాడు. ఊదారంగు తొక్కల దిబ్బ పైకి లేచి గుసగుసలాడుతోంది. అందరూ తొట్టి చుట్టూ మూగారు. లాంబెర్ వెనక్కి అడుగేసి, నేల మీదున్న ఒక చెక్కపలక తగిలి తూలాడు. రుచి చూడమని తొట్టిలోంచి ఇచ్చిన రసం కాస్తా ఆయన లాగు మీద ఒలికింది.

"చూసుకోండి మస్యూ, ఆ పలక పాతది" అన్నాడు బ్లేజ్, దాన్ని కాలితో మళ్ళీ సర్దుతూ. పలక అంచున నల్లగా ఒక సందు కనబడింది. "నాన్న కట్టిన కొట్టం సంగతి మీకు చెప్పాలి. పాకలో ఉన్నప్పుడు ఈ పొంగుగాలిని బయటికి తరమడానికి పెద్ద ఫ్యాను తిరుగుతూ ఉండాల్సిందే. ఇక్కడ ఏమీ అక్కర్లేదు. మూడు రోజులుగా పొంగుతోంది, గాలి నిలవనే నిలవదు. దానంతటదే పోతోంది. పెద్దవాళ్ళ పనితనమంటే అదీ!"

అందరం తలలూపాం. నేనూ ఊపాను. ఆయన భార్య చేసిన వేడి జున్ను బూరెలు నా చేతిలో ఉన్నాయి, నా ధ్యాసంతా వాటిమీదే ఉంది.

ముందు ఏడాది వైన్ పీపాలోంచి తీసి పోశాడు. ల్యూస్ కళ్ళు మూసుకుని నోట్లో తిప్పుకుంది. సొలాంజ్ మాత్రం తన గ్లాసు వాసన చూసి, మళ్ళీ ఆ నేల మీది పలక వైపు చూసింది. అది నేను గమనించాను, పట్టించుకోలేదు.

భోజనం దగ్గర ఆమె వైన్‌లో ఉడికించిన మాంసాన్ని ఫోర్కుతో అటూ ఇటూ తోసింది, తినలేదు. తర్వాత కొలినే గారింట్లో తెల్ల వైన్ తాగించాం. కొలినే గారి ముసలావిడ, "ఏమే, మొహం అలా పెట్టావు, పళ్ళు పుచ్చాయా?" అని కూడా అడిగింది. వ్యాను బయల్దేరాక సొలాంజ్ నా పక్క సీట్లో ముందుకు వంగి, వెనకవాళ్ళకి వినపడకుండా అడిగింది.

"ఫిర్మాన్, బ్లేజ్ కొట్టంలో ఆ పలక కింద ఏముంది?"

"కన్నం. వాళ్ళ నాన్న పొంగు అయిపోయాక దాంట్లోంచి గొట్టం వదిలి కింద పీపాలు నింపేవాడు. చిన్నప్పుడు ఆ గొట్టం నేనే పట్టుకున్నాను."

"కింద అంటే ఎక్కడ?"

కింద ఉన్నది ఆన్సెల్మ్ మాళిగ. కాలు దానంతటదే బ్రేకు మీద పడింది. వెనక గ్లాసుల పెట్టె గలగలమంది.

ద్రాక్షరసం పొంగేటప్పుడు బొగ్గుపులుసు గాలి పుడుతుంది. దానికి రంగుండదు. మామూలు గాలికంటే బరువు కాబట్టి నీళ్ళలాగా పల్లానికి పారుతుంది, గుంటల్లో చేరి కూర్చుంటుంది. దాంట్లోకి దిగినవాడు కేకెయ్యడానికి కూడా వ్యవధి లేకుండా పడిపోతాడు. పడినవాణ్ణి తీద్దామని దిగినవాడు వాడి పక్కనే పడతాడు. మా మేనమామ అలాగే పోయాడు, ఆయన వెనక దిగిన పక్కింటాయన కూడా. అందుకే మా ఊళ్ళో తన తొట్లు పొంగుతున్నన్నాళ్ళూ ప్రతివాడూ వెలిగించిన కొవ్వొత్తి ముందు పట్టుకుని మెట్లు దిగుతాడు. కొవ్వొత్తి ఆరిందంటే మనిషి వెనక్కి రావాలి. తన పొంగు అయిపోయిందంటే కొవ్వొత్తి మేకుకి తగిలించేస్తాడు. ఆన్సెల్మ్ పొంగు ఎప్పుడో అయిపోయింది. నెత్తిమీద తమ్ముడు తొట్లు పెట్టాడని ఆయనకు ఎవరు చెప్తారు? అన్న ఇంట్లోకీ తమ్ముడి ఇంట్లోకీ వెళ్ళే మనిషి ఊరు మొత్తానికి సొలాంజ్ ఒక్కతే.

ఆమె అప్పటికే ఫోన్ చెవికి ఆనించుకుంది. మూడు రోజుల పొంగు ఎంత గాలిని కిందికి దింపి ఉంటుందో నేను లెక్కేసుకుంటున్నాను.

"ఆన్సెల్మ్ గారూ, నేనండీ, సొలాంజ్‌ని. ఇవాళ నేలమాళిగలోకి దిగారా?"

ఆయన గొంతు నాకూ వినబడింది. "ఎక్కడ! మోకాలు పట్టేసి ఆదివారం నుంచీ దిగలేదు. ఇదిగో, ఇప్పుడే దిగి దీపాలు పెడదామని తాళంచెవి తీశాను."

"వద్దు!"

"ఏం?"

"వద్దంటే... మేం వచ్చాక తెరవండి. మీరు ఆ తలుపు తెరవడం వీళ్ళు చూడాలట. బెల్జియం నుంచి అదే అడుగుతున్నారు."

"తలుపు తెరవడంలో చూడ్డానికేముందే?" అని ఆయన నవ్వాడు. "సరే, రండి. త్వరగా రండి."

వ్యాను ఎలా నడిపానో నాకు గుర్తులేదు. వెనక లాంబెర్ పాట ఎత్తుకున్నాడు, మిగతావాళ్ళు చప్పట్లు కొడుతున్నారు. "ఏదో ఒకటి చెప్పి వాళ్ళని కిందికి దింపకు" అన్నాను. "వీళ్ళని ఆపుతాను. ఆయన్ని ఎలా ఆపను? మనం వెళ్ళిపోయాక ఏ సీసా కోసమో రేపైనా దిగుతాడు" అంది సొలాంజ్. ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుని ఒకదాన్నొకటి నలుపుకుంటోంది.

ఆన్సెల్మ్ గుమ్మంలోనే ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, జుట్టు తడిపి దువ్వుకున్నాడు. చేతిలో తాళంచెవి. అందరికీ పేరు పేరునా చెయ్యి కలిపాడు. లాంబెర్ దగ్గరికొచ్చేసరికి ఆయన చూపు కిందికి దిగింది.

"ఆ మరకేమిటి మస్యూ?"

లాంబెర్ తన లాగు వైపు చూసుకుని, సొలాంజ్ వైపు చూశాడు. "భోజనం దగ్గర..." అన్నాడు.

"భోజనం దగ్గర తాజా రసం ఎవరు పోశారు?" ఆన్సెల్మ్ వంగి వాసన చూశాడు. జీవితమంతా అదే పనిలో ఉన్నవాడి ముక్కు. నిటారుగా లేచి సొలాంజ్ వైపు చూశాడు. అతిథుల ముందు ఎందుకనుకున్నాడేమో, నేలమాళిగ తలుపు దగ్గరికి నడిచి, తాళం తీసి, రెక్క లాగాడు. చల్లటి చీకటి, రాతిమెట్లు. "నేను ముందు దిగి దీపాలు పెట్టి పిలుస్తాను."

"ఆన్సెల్మ్ గారూ, ఇవాళ వంటింట్లో తాగుదామండీ. ఈవిడకి మెట్లు కష్టం."

"నాకేం కష్టం లేదు" అంది ల్యూస్, పాపం ఆవిడకేం తెలుసు.

"నా వైన్ వంటింట్లోనా? ఉల్లిపాయల మధ్యనా?" ఆయన మొదటి మెట్టు దిగాడు.

"అయితే ఆ మేకుకున్న కొవ్వొత్తి పట్టుకుని దిగండి."

ఆయన ఆగి వెనక్కి తిరిగాడు. ఆ మాట మా దగ్గర ఎంత తప్పో చెప్పాలంటే, పెళ్ళికూతురి ముందు పెళ్ళికొడుకుని నీకు లాగు తొడుక్కోవడం వచ్చా అని అడిగినంత. "కొవ్వొత్తా? నా పొంగు అయిపోయి, పిండి, పీపాలకెత్తానని ఊరంతటికీ తెలుసు. నేనేమన్నా పని తెలియనివాణ్ణా? అతిథుల ముందు నాకు పాఠాలు చెప్తావా?" రెండో మెట్టు దిగాడు.

నేను ముందుకి ఉరికి ఆయన భుజం పట్టుకోబోయాను. అంతకంటే ముందే సొలాంజ్ గొంతు వచ్చింది. అంత గట్టిగా ఆమె మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు.

"మీ పొంగు కాదండీ, బ్లేజ్‌ది! తొట్లు మీ నెత్తిమీద కొట్టంలో పెట్టాడు. గొట్టం కన్నం మీద చెక్కపలక తప్ప ఏమీ లేదు. మూడు రోజులుగా గాలి మీ మాళిగలోకి దిగుతోంది. పొద్దున నా కళ్ళతో చూశాను."

ఆన్సెల్మ్ ఆ మెట్టు మీదే నిలబడి ఆమెనే చూశాడు. తర్వాత చెయ్యి చాచి మేకుకున్న కొవ్వొత్తి తీసుకున్నాడు. అగ్గిపుల్ల గీసి వెలిగించాడు. కొవ్వొత్తిని ముందుకి చాచి పట్టుకుని ఒక్కో మెట్టే దిగాడు. మాకు ఆయన తల కనబడుతోంది, తల పక్కన గోడ మీద వెలుగు. సొలాంజ్ నా చొక్కా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఇంకో మెట్టు. వెలుగు పసుపు నుంచి నీలంలోకి తిరిగి, చిన్నదై, పుటుక్కున పోయింది.

"పైకి రండి!" అని అరిచాను. ఆయన వచ్చాడు. గోడకి ఆనుకుని, ఆరిన వత్తిని చూస్తూ నిలబడ్డాడు. ఇంకో రెండు మెట్లు దిగి ఉంటే ఆయనా, ఆయన ఎందుకు పలకడం లేదని చూడ్డానికి ఈ ఆరుగురిలో ఎవరైనా, వాళ్ళని తీయడానికి నేనూ. అక్కడే చెక్కడబ్బా మీద కూలబడ్డాను.

ఆన్సెల్మ్ మాళిగ తలుపు మూసి తాళం వేశాడు. అప్పుడు అడిగాడు.

"పొద్దున వాడింటికి వెళ్ళావన్నమాట."

"వెళ్ళాను."

"మీ ఆయన మీద ఒట్టేశావు."

"వేశాను. అబద్ధం ఆడాను."

"ఇవాళ నా దగ్గర వైన్ లేదు" అన్నాడు ఆయన, అతిథుల వైపు తిరిగి, మర్యాదగా. సొలాంజ్ వైపు తిరగలేదు. "ఈవిణ్ణి వ్యానులో కూర్చోమనండి. ఇక ఈ గుమ్మం ఎక్కొద్దని చెప్పండి."

బతికించినందుకు ఒక్క ముక్క ఉండదా మనిషికి! ఇప్పటికీ తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది. సొలాంజ్ మాత్రం తలవంచుకుని వెళ్ళి వ్యానెక్కింది. "ఫిర్మాన్, నువ్వు వెంటనే పైకి వెళ్ళి బ్లేజ్‌కి చెప్పు. కన్నం మూయమను, తలుపులన్నీ తెరవమను" అంది. పరిగెత్తాను. బ్లేజ్ తొట్టి మీద నిలబడి తొక్కల దిబ్బని కిందికి తొక్కుతున్నాడు. రొప్పుతూ అంతా చెప్పాను: కన్నం, గాలి, కొవ్వొత్తి, మీ అన్న మెట్ల మీద ఉండగా ఆరిపోవడం. ఆయన మొహం తెల్లబోయింది. దిగి వచ్చి, ఆ పలక పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, తడిగోనె కుక్కాడు. నాకు ఆయన మీద జాలేసింది. అప్పుడు తలెత్తి అడిగాడు.

"అయితే చివరి గ్లాసు వాడిదా?"

ఆ మాటకి నేను ఏమన్నానో ఇక్కడ రాయలేను.

ఆ వారం తిరక్కుండానే ఊరంతా తెలిసిపోయింది. ఒకరు చచ్చి మిగతావాళ్ళు బతికి ఉంటే, బతికించిందని సొలాంజ్ పేరు చెప్పుకునేవాళ్ళేమో. ఎవరూ చావలేదు కాబట్టి, ఆమె అబద్ధమాడిందన్నదొక్కటే మిగిలింది. కొలినే గారి ముసలావిడ ఆమెను రొట్టెల కొట్లో నిలబెట్టి, "నిజం చెప్పవే. పోయిన వసంతంలో నా ఇల్లే ఆఖరన్నావు. నా తర్వాత వాళ్ళని ఎక్కడికి తీసుకెళ్ళావు?" అని నిలదీసింది. ప్రతి ఇంట్లోనూ పాత ప్రయాణాలన్నీ తవ్వితీసి, తను నిజంగా చివరివాడా కాదా అని లెక్కలు వేసుకున్నారు. చలికాలంలో సొలాంజ్ ఇంటింటికీ వెళ్ళింది. కాఫీ ఇవ్వలేదు. "అన్నట్టు" అనే మాట దాకా ఆమెను రానివ్వలేదు. నేను కాఫీ హోటల్లో బల్ల గుద్ది అరిచాను, ఆవిడే లేకపోతే ఈపాటికి శవపేటికలు మోసేవాళ్ళురా అని. "అది వేరు, ఇది వేరు" అన్నారు. వసంతానికి ఆమె బడిలో వంట దగ్గర బంగాళాదుంపలు చెక్కే పనికి కుదిరింది. నా వ్యాను షెడ్డులో పడుంది.

ఆ కన్నం సంగతి వింటే నవ్వుతారు. పంపకం కాగితాల్లో అది ఎవరి వంతో రాసి లేదు. అది నా కప్పు అని అన్న, నా నేల అని తమ్ముడు లాయర్లని పెట్టుకున్నారు. ఒకరు సిమెంటు పోస్తామంటే ఇంకొకరు నోటీసు పంపారు. గోనెగుడ్డ గోనెగుడ్డలాగే ఉంది. మళ్ళీ కోతల కాలం వచ్చింది.

అప్పుడొచ్చాడు ఆన్సెల్మ్, సొలాంజ్ ఇంటికి. నేను అక్కడే కిటికీ పక్కన కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్నాను. ఆయన లోపలికి రాలేదు, టోపీ చేత్తో పట్టుకుని గుమ్మం బయటే నిలబడ్డాడు.

"ఒక మాట చెప్పిపోదామని వచ్చాను. వాడు కోత మొదలుపెట్టబోతున్నాడట. ఎప్పుడు తొట్లు నింపుతాడో, ఎప్పుడు పొంగుతుందో నాకు తెలియాలి. నా ఇంట్లో నేను దొంగలా కొవ్వొత్తి పట్టుకుని తిరగలేను."

"అయితే?"

"నువ్వు వాడింటికి వెళ్ళగలవు. వాడు మెత్తటివాడు, ఏదో ఒకటి చెప్తే రానిస్తాడు. చూసొచ్చి నాకు చెప్పు. అది చేస్తే నా తలుపు నీకు తెరుస్తాను. నేను తెరిస్తే మిగతావాళ్ళూ తెరుస్తారు, నీకు తెలుసు." పైగా, "చివరి గ్లాసు మాత్రం నాదే" అన్నాడు.

ఆయన చెప్పింది నిజం. ఆన్సెల్మ్ రుజెల్ తలుపు తెరుచుకుంటే ఊరు తెరుచుకుంటుంది. ఒప్పుకోవే తల్లీ, ఒప్పుకో అని మనసులో అనుకున్నాను. నా వ్యాను కూడా గుర్తొచ్చింది, దాచడం ఎందుకు.

సొలాంజ్ చేతులు తుడుచుకుంది. "ఆన్సెల్మ్ గారూ, మీ తమ్ముడు పైవీధిలో ఉంటాడు. పచ్చ గేటు. మీరే వెళ్ళి అడగండి."

"నేనా?"

"మీరే. ఆ రోజు మీకు నిజం చెప్పింది నేను బతకడానికి కాదు, మీరు బతకడానికి. మళ్ళీ మీ ఇద్దరి మధ్యా అబద్ధాలు మోసి నేను బతకను."

ఆయన ఏదో అనబోయాడు. ఆమె తలుపు వేసేసింది. బర్గండీ అంతటా తలుపులు తెరిపించుకుని బతికిన మనిషి, ఒక ద్రాక్షతోట ఆసామీ మొహం మీద తలుపు వేసింది.

"వెళ్ళాడా?" అంది, గోడకి ఆనుకుని.

కిటికీలోంచి చూశాను. ఆన్సెల్మ్ టోపీ పెట్టుకున్నాడు, తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. తర్వాత కదిలాడు.

"వెళ్తున్నాడు. పైకి. పైవీధి వైపు."

సొలాంజ్ కుర్చీలో కూర్చుని ఏడ్చింది. సంతోషించిందేమో అనుకునేరు, అదేం కాదు. ఆ అన్నదమ్ములు మాట్లాడుకున్న రోజున ఇక తమ మధ్య తిరగడానికి వాళ్ళకు సొలాంజ్ అక్కర్లేదని ఆమెకి తెలుసు. నేను లేచి వెళ్ళి ఆమె పక్కన కూర్చుని, చిక్కుడుకాయలు ఆమె ఒళ్ళో కూడా కొన్ని పోశాను.